విఱిగిన యెముక – అఱిగిన కీలు



మన పల్లెలలో వయసు మీఱినవారు నలుగురు రచ్చబండయొద్ద చేరినచో మాటలు వానలతో మొదలై, పంటలమీదుగా సాగి, తుదకు మోకాళ్ళకడకు వచ్చి నిలుచును. కూర్చున్నచోటినుండి లేవవలెనన్న చేయి మోకాటిపై మోపవలసివచ్చును. ఉదయమున మంచము దిగి మొదటి నాలుగడుగులు వేయుటకు గోడ పట్టుకొనవలసివచ్చును. గుడిమెట్లు ఎక్కుట యొక కష్టము, దిగుట అంతకు మించిన కష్టము. ఇది యేయొక్కరి కథయు కాదు, ఇంటింటి కథ.

ఈ నొప్పికి మన యిండ్లలో దొరకు సలహా సాధారణముగా నొక్కటియే: “కాలు కదపకుడు, మంచముమీద విశ్రమించుడు, పనులు మేము చూచుకొందుము.” ఈ మాట ప్రేమతో చెప్పబడునదే. కాని అఱిగిన కీలునకు ఇది మేలు చేయదు. పెక్కుమాఱులు కీడే చేయును. ఏల కీడు చేయునో, దానికి బదులుగా మనము ఇంటియొద్ద చేసికొనదగిన దేమో నేడు విన్నవించెదను.

విశ్రాంతియే మందను నమ్మకము ఎముకల వైద్యమునుండి మనకు వచ్చినదని నాకు తోచుచున్నది. విఱిగిన యెముకలను సరిచేసి, చెట్ల పట్టలు ఆనించి కట్టు కట్టు విధానము సుశ్రుతసంహితయందే వివరింపబడియున్నది. మన దేశమున పుత్తూరు కట్టు పేరు వినని పల్లె యుండదు. విఱిగిన యెముక రెండు కొనలును కదలక యొకదాని నొకటి అంటియుండినగాని అతుకుకొనదు. కావున అచ్చట కట్టును, విశ్రాంతియు న్యాయమైనవే. అఱిగిన కీలు సంగతి అట్టిది కాదు. దానియందు అతుకవలసిన ముక్కలు లేవు. దానికి కావలసినది పోషణము, ఆసరా. ఈ రెండును కదలికవలననే లభించును. విఱిగిన యెముక వైద్యమును అఱిగిన కీలునకు చేయుట, నీరు కావలసిన పైరునకు గట్టు మూసివేయుటవంటిది.

మోకాటి నిర్మాణమును కొంచెము చూతము. తొడయెముక క్రిందికొనయు, ముంగాలి యెముక పైకొనయు కలియు చోటు మోకాలు. ముందువైపున చిప్ప యొకటి కాపుగా నుండును. రెండు యెముకల కొనలమీదను, చిప్ప వెనుకభాగమునను, లేతకొబ్బరివలె నున్నగా, తెల్లగా ఒక పొర పఱచియుండును. వైద్యులు దానిని మృదులాస్థి యందురు. మనవారు గుజ్జు అందురు. ఈ పొరకు రక్తనాళములు లేవు. అనగా నేరుగా పాఱు కాలువ దానికి లేదు. కీలుసంచిలోని జిడ్డుద్రవమునుండియే అది తన యాహారమును గ్రహించుకొనవలెను. కాలు మోపి బరువు వేసినపుడు, తడిగుడ్డను పిండినట్లు, ఆ పొరనుండి ద్రవము వెలికి వచ్చును. బరువు తీసినపుడు మరల లోనికి పీల్చుకొనబడును. ఈ నొక్కుటయు విడచుటయు ఎంత క్రమముగా జరిగిన, ఆ పొరకు అంత పోషణము. బండి యిరుసునకు కందెన మనము వేయవలెను. మోకాలు తన కందెనను తానే సిద్ధము చేసికొనును. కాని కదలుచున్నంతకాలమే ఆ కందెన అంతటను చేరును.

ఇక ఆసరా మాట. పందిరిరాట నిలుచుట కేవలము రాట బలముచేతనే కాదు. నాలుగువైపుల బిగించిన త్రాళ్ళచేత. మోకాటికి ఆ త్రాళ్ళు కండరములు. తొడ ముందుభాగమున నాలుగు కండరములు ఒక్కటియై చిప్పను పట్టి, దాని క్రింది బంధము ద్వారా ముంగాలిని చాచును. తొడ వెనుకటి కండరములు కాలిని ముడుచును. పిక్క క్రిందినుండియు, పిఱుదుల కండరములు పైనుండియు కాపాడుచుండును. మనము అడుగు వేసినప్పుడెల్ల నేలనుండి వచ్చు తాకిడిలో పెద్దభాగమును ఈ కండరములు తాము భరించి, కీలునకు తగ్గించి యందిచ్చును.

ఇప్పుడు నొప్పి పుట్టినదనుకొనుడు. మనిషి నడక తగ్గించును. వాడని కండరము నాలుగు వారములలోనే సన్నబడును. అంతేకాదు, కీలులో నీరు చేరి వాచినపుడు, నాడులు తొడకండరమునకు పనిచేయవలదని సంజ్ఞ పంపును. అందుచే అది మఱింత చిక్కిపోవును. త్రాళ్ళు వదులైన రాటవలె మోకాలు తడబడును. అంతవఱకు కండరము మోసిన బరువు కీలుమీద పడును. నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చినందున నడక ఇంకను తగ్గును. ఈ గానుగలో చిక్కిన యెద్దునకు మంచము దారి చూపదు. దానిని ఆపవలెనన్న కండరమునకు మరల పని చెప్పవలెను.

“నా గుజ్జంతయు పోయినదని వైద్యులు చెప్పిరి, ఇక నేమున్నది?” అని కొందఱు నిరాశపడుదురు. ఎక్సురే పటమునందలి అఱుగుదలయు, మనిషి పడు బాధయు ఎల్లప్పుడును ఒక్క తూకముగా నుండవు. పటములో అఱుగుదల చాలగా కనబడియు హాయిగా నడచువారు కలరు. పటములో స్వల్పముగా కనబడియు మిక్కిలి బాధపడువారును కలరు. పటము మారకపోయినను కండరము బలపడినచో నొప్పి తగ్గవచ్చును, నడక మెఱుగుకావచ్చును. కావున పటమును చూచి కాలికి సెలవు చెప్పరాదు.

ఈ విధముగా వ్యాయామముచేతను, కీళ్ళను చేతితో సరిపఱచుటచేతను, వేడిమి చల్లదనముల ప్రయోగముచేతను బాధను తగ్గించు శాస్త్రమునకు ఫిజియోథెరపీ యని పేరు. స్వీడను దేశమున పెర్ హెన్రిక్ లింగ్ అనునాయన 1813వ సంవత్సరమున స్టాక్‌హోము నగరమందు వ్యాయామవిద్యాలయమును స్థాపించి, రోగులకు తగిన వ్యాయామములను క్రమబద్ధముగా నేర్పెను. ప్రపంచయుద్ధములలో గాయపడిన సైనికులవలనను, పోలియో సోకిన పసిబిడ్డలవలనను ఈ విద్య దేశదేశముల వ్యాపించినది. 1951వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన ఈ వృత్తివారి ప్రపంచ సమాఖ్య ఏర్పడినది. నేటికిని ఆ దినమును వారు ఉత్సవముగా జరుపుకొందురు. మన దేశమున బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రియందు 1950వ దశకపు ఆరంభమున ఈ విద్య నేర్పు పాఠశాల వెలసినది. నేడు హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయందును, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థయందును మన బిడ్డలే ఈ విద్యను అభ్యసించుచున్నారు. డెన్మార్కు దేశమున 2013లో మోకాటినొప్పి గలవారికొఱకు ఒక కార్యక్రమము నారంభించిరి. రోగులకు మొదట తమ కీలునుగూర్చి పాఠము చెప్పి, పిమ్మట వారమునకు రెండుసార్లు చొప్పున పండ్రెండుమాఱులు వ్యాయామము చేయింతురు. ఇది పెక్కుమందికి నొప్పి తగ్గించి నడక మెఱుగుపఱచుటవలన ఇతర దేశములకును వ్యాపించినది. ఇందు ఖరీదైన యంత్రములు లేవు. అందు చేయించు పనులలో ముఖ్యమైనవి మన యింటి వసారాలోనే చేసికొనవచ్చును.

బలము చేకూర్చు వ్యాయామములు నాలుగింటిని చెప్పెదను. మోకాటికి శస్త్రచికిత్సగాని, దెబ్బగాని యిటీవల తగిలినవారును, గుండెజబ్బు గలవారును వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను.

మొదటిది: కాళ్ళు చాపి గట్టి మంచముమీద కూర్చుండుడు. తువాలును చుట్టి మోకాటిక్రింద నుంచుడు. తొడను బిగించి మోకాటితో ఆ చుట్టను క్రిందికి నొక్కుడు. మనసులో అయిదు లెక్కించి విడువుడు. ఇట్లు పదిమాఱులు చేయుడు. ఇందు కీలు ముడుచుకొనదు కావున బాధ యెక్కువగా నున్నవారును దీనిని చేయగలరు.

రెండవది: వెల్లకిల పండుకొని ఒక మోకాలు ముడిచి పాదమును మంచముమీద ఆనించుడు. రెండవ కాలిని వంగనీయక జానెడెత్తు లేపి, అయిదు లెక్కించి, మెల్లగా దింపుడు. దింపుటయందు తొందర వలదు. మెల్లగా దింపునప్పుడును కండరము పనిచేయుచునే యుండును. ఒక్కొక్క కాలికి పదిమాఱులు.

మూడవది: కుర్చీలో వెన్ను నిలిపి కూర్చుండి, ఒక పాదమును పైకెత్తి కాలిని పూర్తిగా చాచుడు. అయిదు లెక్కించి దింపుడు. ఇదియు పదిమాఱులు.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది: కుర్చీనుండి లేచుట, మరల కూర్చుండుట. కుర్చీని గోడ కానించి పెట్టుడు. పాదములు కొంచెము వెనుకకు జరిపి, ఛాతీమీద చేతులు కట్టుకొని, ముందుకు వంగి లేచి నిలువుడు. మరల మెల్లగా కూర్చుండుడు, ధబాలున పడవలదు. చేతులు మోపక లేవలేనివారు దిండు వేసికొని కూర్చుండుచోటిని ఎత్తుచేసికొనవచ్చును, లేక చేతులు మోపవచ్చును. మొదట అయిదుమాఱులు, క్రమముగా పది. మంచము దిగుటయు, బస్సులో సీటునుండి లేచుటయు, మరుగుదొడ్డినుండి లేచుటయు ఈ వ్యాయామమే. దీనిని నిలుపుకొన్నవాడు పరుల చేయి కొఱకు ఎదురుచూడనక్కఱలేదు.

వీనిలో మొదటి రెండును దినదినము చేయవచ్చును. తక్కిన రెండును దినము విడిచి దినము చేసిన చాలును. చేయునపుడు ఊపిరి బిగబట్టరాదు. రక్తపుపోటు గలవారు ఈ మాట ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. నారు పోసిననాడే కొడవలి పట్టుకొని కోతకు పోము గదా! కండరము బలపడుటకును ఆఱు మొదలు ఎనిమిది వారములు పట్టును. పదిదినములు చేసి “గుణము లేద”ని మానినవారు పైరును పొట్టదశలో విడిచిపెట్టినవారే.

బలముతోపాటు సాగుదలయు కావలెను. ముడిచియుంచిన త్రాడు బిగిసిపోయినట్లు, ముడిచికూర్చున్న మనిషి తొడ వెనుకటి కండరములును, పిక్కలును కుఱుచయగును. అప్పుడు మోకాలు పూర్తిగా చాగదు. పూర్తిగా చాగని మోకాటితో నిలుచున్నవాని తొడకండరము క్షణమైనను విశ్రాంతి లేక పనిచేయవలసివచ్చును. ఈ బిగువును సడలించుటకు రెండు పద్ధతులు చాలును. పిక్కలకు: గోడకెదురుగా నిలిచి, రెండు చేతులు గోడకు ఆనించి, ఒక కాలు వెనుకకు వేయుడు. వెనుకకాలి మడమ నేలను వదలరాదు, మోకాలు వంగరాదు. ముందుమోకాటిని మెల్లగా వంచినచో వెనుకపిక్కలో సాగుదల తెలియును. తొడ వెనుకకు: కుర్చీ అంచున కూర్చుండి, ఒక కాలు చాచి మడమ నేలకానించి, వెన్ను వంగనీయక తుంటియొద్దనే ముందుకు వంగుడు. ఏ పద్ధతి యందైనను ముప్పది లెక్కించువఱకు కదలక నిలుచుడు, ఇట్లు మూడుమాఱులు. కుదుపులు వలదు. నూలుపోగు మెల్లగా లాగిన సాగును, కుదిపిన తెగును. సాగుదల తెలియవలెను, నొప్పి పొడువరాదు. కొంతసేపు నడచి ఒడలు వెచ్చబడిన పిమ్మట చేయుట మంచిది.

“చేయుచుండగా నొప్పి పుట్టినచో మానవలెనా?” అని మీరు అడుగవచ్చును. ఇందుకు ఒక కొలత కలదు. నొప్పి లేనిది సున్నయనియు, భరింపరానిది పదియనియు లెక్కకట్టుకొనుడు. చేయునప్పుడు అయిదు దాటనంతవఱకు సాగింపవచ్చును. మఱునాటి ఉదయమునకు అది మొదటి స్థితికి దిగవలెను. దిగినచో చేసినది సరియైన మోతాదు. దిగక మిగిలినచో ఎక్కువ చేసితిమన్నమాట. మఱునాడు సగమునకు తగ్గింపుడు, కాని మానవలదు. మన వాగ్భటాచార్యులు సైతము వ్యాయామమును తన బలములో సగము మేరకే చేయవలెనని విధించిరి. మితిమీఱుట యెంత తప్పో, మానుట యంత తప్పు.

వీనికితోడు నడకయు నుండవలెను. వారమునకు నూటయేబది నిమిషములు, ఒకమాదిరి వేగముతో కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించినది. అనగా వారమునకు అయిదు దినములు, దినమునకు అరగంట. ఒక్కపర్యాయము అరగంట నడువలేనివారు ఉదయము పది, మధ్యాహ్నము పది, సాయంత్రము పది నిమిషములు నడిచినను ఫలము దక్కును.

ఇక వెలుపలి ఆసరాలనుగూర్చి. వానిలో మొదటిది చేతికఱ్ఱ. పలువురు నొప్పియున్న వైపు చేతనే కఱ్ఱ పట్టుదురు. అది సరికాదు. కుడిమోకాలు నొప్పియైనచో కఱ్ఱ ఎడమచేత నుండవలెను. కుడికాలు వేయునపుడే కఱ్ఱయు ముందుకు వేయవలెను. నడకయందు చేయియు, ఎదుటివైపు కాలును కలిసి కదలుట సహజము. ఆ సహజమైన కదలికతో కఱ్ఱ కలిసిపోయి బరువును పంచుకొనును. చెప్పులు వేసికొని నిలిచి, చేయి జాఱవిడిచినచో, కఱ్ఱ తలభాగము మణికట్టు మడతయొద్దకు రావలెను. అంతకంటె పొడవైనచో భుజము లేచును, పొట్టియైనచో నడుము వంగును. అడుగున రబ్బరుతొడుగు ఉండుట అవసరము. మెట్లు ఎక్కునపుడు బాగున్న కాలు ముందు. దిగునపుడు నొప్పికాలు ముందు. “కఱ్ఱ పట్టిన ముసలివాడందురు” అని సిగ్గుపడువారు కలరు. పడి తుంటియెముక విఱిగి మంచము పట్టుటకంటె కఱ్ఱ పట్టుట గౌరవము కాదా?

రెండవది మోకాటికి తొడుగు సాగెడు పట్టీ. అది వెచ్చదనము నిచ్చి, కాలు తడబడకుండ ధైర్యము కలిగించును. నడచునపుడు, పనిచేయునపుడు ధరింపవచ్చును. రాత్రి తీసివేయవలెను. కాలు తిమ్మిరెక్కినను, క్రిందిభాగము వాచినను అది బిగువైనదని యర్థము. మోకాలు ఒకవైపే అఱిగి కాలు వంకరపోయినవారికి లోహపు ఊచలుగల పట్టీలు కలవు; వానిని ఫిజియోథెరపిస్టు కొలత చూచి ఇచ్చినగాని కొనవలదు. ఏ పట్టీయైనను కండరమునకు తోడు. కండరమునకు మాఱు కాజాలదు.

మూడవ ఆసరా మన అలవాట్లలో నున్నది. గొంతుకూర్చుండుటయు, బాసిపట్టు వేసికొని గంటలకొలది కూర్చుండుటయు అఱిగిన మోకాటికి మిక్కిలి బరువు. కలుపు తీయునపుడు, కూరలు తరుగునపుడు, చాకిరేవునందు ముక్కాలిపీటగాని, ఎత్తుపీటగాని వేసికొనుడు. అరగంటకొకమాఱు లేచి నాలుగడుగులు నడువుడు. మంచమును, కుర్చీని మోకాలెత్తునకు పైనుండునట్లు చూచుకొనుడు. మరుగుదొడ్డియందు ఎత్తైన పీఠము పెట్టించుకొనుట విలాసము కాదు, అవసరము. గోడకు పట్టుకొను కడ్డీ కూడ నుండవలెను. ఒడలి బరువు ఎక్కువగా నున్నవారు కొంచెమైన తగ్గించుకొనవలెను. ఒక కిలో బరువు తగ్గినచో, వేయు ప్రతి యడుగునందును మోకాటిమీద నాలుగు కిలోల భారము తగ్గునని 2005లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. దినమునకు వేసెడి వేల యడుగులతో దీనిని హెచ్చవేసి చూచుకొనుడు.

నొప్పి నుపశమింపజేయు ఉపాయములను ఇప్పుడు చెప్పెదను. ఉదయమున బిగుసుకొనిపోయిన కీలునకు వేడి మంచిది. వేడినీట ముంచి పిండిన గుడ్డతో పదునైదు, ఇరువది నిమిషములు కాపడము పెట్టవచ్చును. మొదట ముంజేతికి తాకించి వేడిమిని చూచుకొనుడు. మధుమేహముచే కాళ్ళు మొద్దుబాఱినవారికి కాలినను తెలియదు. వారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. పనిచేసిన పిమ్మట కీలు వాచి వెచ్చనైనచో చల్లదనము మంచిది. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది, పదునైదు నిమిషములు ఉంచుడు. చర్మమునకు నేరుగా తాకింపవలదు. నువ్వులనూనె రాచి మర్దించుటయు కొంతసేపు హాయి నిచ్చును. అయితే ఈ సుఖములన్నియు కొన్ని గంటలవే. వానిని పొంది మరల పండుకొనినచో మిగులున దేమియు లేదు. నొప్పి తగ్గిన ఆ గంటయే వ్యాయామమునకు శుభముహూర్తమని తెలిసికొనుడు.

మాత్రల విషయమున ఒక హెచ్చరిక చేయవలసియున్నది. దుకాణమున అడిగి నొప్పిమాత్రలు కొని, నెలలతరబడి మ్రింగువారు పెక్కుమంది. ఈ మాత్రలలో పలురకములు కడుపులో పుండ్లు పుట్టించును, మూత్రపిండములను చెఱచును, రక్తపుపోటును హెచ్చించును. ముసలితనమున ఈ అపాయము మఱింత యెక్కువ. అవసరమైనచో మోకాటికి రాచుకొను పూతమందు నిమ్మని వైద్యుని అడుగుడు. దానివలన కడుపునకు హాని తక్కువ. పేరును, తయారుచేసినవారి చిరునామాయు లేని పొడులను, గుళికలను తాకనే వలదు. అట్టివానిలో కొన్నిట స్టీరాయిడు మందు కలిపియుండుట పరీక్షలలో పలుమాఱులు బయటపడినది. అది మొదట అద్భుతముగా పనిచేసినట్లు కనబడి, పిమ్మట ఎముకలను గుల్లచేయును, చక్కెరజబ్బును రేపును.

ప్రతి మోకాటినొప్పియు అఱుగుదలయే యని అనుకొనరాదు. కీలు ఎఱ్ఱబడి, వాచి, జ్వరము వచ్చినను. దెబ్బతగిలి కాలు మోపలేకపోయినను. మోకాలు ముడిచినది ముడిచినట్లు పట్టివేసినను. ఒక పిక్క మాత్రము వాచి నొప్పిపెట్టినను. రాత్రులు నిద్రపట్టనీయని నొప్పితో ఒడలు చిక్కిపోవుచున్నను, వ్యాయామము మాని వెంటనే వైద్యుని చూడవలెను. మఱియొక సంగతి మన ప్రాంతమునకు ప్రత్యేకము. నీటియందలి ఫ్లోరైడువలన కీళ్ళును వెన్నును బిగుసుకొనిపోవు జబ్బు, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో నుండుటను 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లా పల్లెలు ఈ జబ్బుచే పడిన బాధ మీ రెఱిగినదే. మెడ తిరుగక, నడుము వంగక, ఊరిలో పలువురి పండ్లపై గారమచ్చలున్నచో, మొదట త్రాగునీటిని పరీక్ష చేయింపుడు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదు. నీరు మార్చక వ్యాయామము మాత్రమే చేయుట చాలదు.

ఇవి యన్నియు క్రమముగా నెలలతరబడి చేసియు నడక సాగనివారికి మోకాటి మార్పిడి శస్త్రచికిత్స కలదు. అది మంచి చికిత్సయే. కాని శస్త్రచికిత్సకు ముందు తొడ బలముగా నున్నవాడు పిమ్మట త్వరగా లేచి నడుచును. పిమ్మట వ్యాయామము చేయనివాని క్రొత్తకీలు బిగుసుకొనిపోవును. అనగా ఏ దారి పట్టినను కండరమునకు పని తప్పదు.

తుదిగా, వినుచున్న కొడుకులకును, కోడండ్రకును ఒక మాట. మీ పెద్దలు లేవబోవునపుడు పరుగున వచ్చి చేయందింపకుడు. ప్రక్కన నిలిచి, వారిని లేవనిండు. మంచినీటిచెంబు చేతికిచ్చుటకంటె, బిందెయొద్దకు వారిని నడువనిచ్చుట నిజమైన సేవ. దారిలోని అడ్డములను తీయుడు, నేల తడి లేకుండ చూడుడు, దీపము పెట్టుడు. పనిని మాత్రము లాగుకొనకుడు. ఊరికే కూర్చుండబెట్టి పూజించిన పెద్ద, ఏడాది తిరుగునప్పటికి కూర్చున్నచోటినుండి లేవలేని పెద్ద యగుట మనము చూచుచునే యున్నాము.

పెద్దలారా, పొలముగట్టు మీద నడచి పంటను కన్నులార చూచుట, గుడికి తనంత తానుగా పోవుట, రాత్రివేళ ఎవరిని లేపక లేచి పెరటికి పోయివచ్చుట – ఇవి చిన్నసంగతులుగా కనబడును. అవి చేజాఱినపుడుగాని వాని విలువ తెలియదు. వానిని నిలుపుకొనుటకు దినమునకు పావుగంట చాలును. విఱిగిన యెముకకు విశ్రాంతి నిండు. అఱిగిన కీలునకు పని నిండు.